మాటకు మైల ఎచ్చటినుండి వచ్చును?

జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు ఐదును లింగధారికి లేవని శివశరణులు చాటిన సంగతి శరణ సంప్రదాయమున పుట్టి పెరిగినవారందరు ఎరిగినదే. వీనిలో మొదటి నాలుగు శరీరమును ఆశ్రయించి కల్పింపబడినవి. బిడ్డ పుట్టుట, మనిషి చనిపోవుట, స్త్రీ బహిష్టగుట, ఎంగిలి యగుట కంటికి తెలియు విషయములు. ఐదవదగు జాతి సూతకము అట్టిది కాదు. అది కంటికి కనిపించదు, చేతికి తగులదు. ఒకని జాతి యేదో ఎవరో ఒకరు చెప్పనిదే మరియొకరికి తెలియదు. తెలియనిదే మైల అంటదు. జాతి సూతకము నివసించు చోటు మాటయే. కావున దానిని కాదన్నవారికి మాటలను గూర్చి ఆలోచింపక తప్పినది కాదు.

ఏ మాట అనవచ్చును, ఏ మాట అనరాదు అను వివాదము నేడు న్యాయస్థానములలో, పత్రికలలో, పాఠశాలలలో, తుదకు పెండ్లిపందిళ్లలో కూడ సాగుచున్నది. “నిన్నటివరకు ఊరంతయు అన్నమాటయే కదా, నేడు తప్పెట్లయినది?” అని పెద్దలు అడుగుదురు. “నిన్నను తప్పే, వినువారికి నోరు మెదపు వీలు లేకపోయినది” అని పిన్నలు బదులు చెప్పుదురు. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. అయినను రెండును సమానమైన సత్యములు కావు.

పెద్దల పక్షమున చెప్పబడు వాదములలో ముఖ్యమైనది వ్యుత్పత్తి వాదము. ఫలానా పదమునకు మూలార్థము వృత్తి మాత్రమే, అందు నింద లేదు, వినువాడే లేని నిందను ఊహించుకొనుచున్నాడు అనునది దాని సారము. ఈ వాదమునకు 2008వ సంవత్సరమున భారత సర్వోన్నత న్యాయస్థానము తన తీర్పులో సమాధానము చెప్పినది. ఉత్తరదేశమున తోలుపని చేయువారి కులనామమగు ‘చమార్’ శబ్దము చర్మ శబ్దమునుండి వచ్చినదే. అయినను 1989 నాటి అత్యాచార నిరోధక చట్టమును అన్వయించునపుడు ఆ పదము ఏ ధాతువునుండి పుట్టినదని కాక, లోకమున ఏ అర్థమున వాడబడుచున్నదని చూడవలెనని న్యాయమూర్తులు నిర్ణయించిరి. 2017లో అదే న్యాయస్థానము ‘హరిజన’, ‘ధోబీ’ వంటి పదములు కూడ తరచుగా అవమానార్థమున వాడబడుచున్నవని పేర్కొన్నది.

నిజమునకు ఇది క్రొత్త సిద్ధాంతము కాదు. యోగార్థముకంటె రూఢ్యర్థము బలవత్తరమని శాస్త్రకారులు ఏనాడో తేల్చిరి. పంకమున పుట్టినదెల్ల పంకజము కాదు, తామరయే పంకజము. బురదలో పుట్టిన కప్పను పంకజమని పిలిచి, వ్యుత్పత్తి చూచుకొమ్మనువానిని ఎవరును పండితుడని అనరు. కాని తోటి మనుష్యుని నొప్పించిన పిదప నిఘంటువు చూచుకొమ్మనువారికి మాత్రము లోకమున కొరత లేదు. తమిళదేశమున ‘పఱై’ యనునది డప్పు పేరు. దానితో ముడిపడిన కులనామము పరదేశ భాషలలోనికి పోయి, ఎచ్చటి వెలివేయబడినవానినైనను సూచించు సామాన్య పదమైనది. ఆ పదమును ఇంగ్లీషున వాడువారిలో ఎందరికి అందొక డప్పు ధ్వనించునో చెప్పలేము.

తెలుగుదేశమున ఈ నామాంతర చరిత్ర నూరేండ్లకు పైబడినది. 1917లో బెజవాడయందు పంచమ మహాజన సభ పేరిట ఒక సభ ఏర్పాటైనది. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరును అంగీకరింపలేదు. నాలుగు వర్ణముల వెలుపల ఐదవదిగా లెక్కించు ఆ మాట ఎవరో పెట్టినది, తమవారు ఈ దేశమునకు ఆదివాసులు అని వాదింపగా సభ పేరు ఆది ఆంధ్ర సభగా మారినది. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా ప్రతిపాదించిన తీర్మానము ననుసరించి ‘పంచమ’, ‘పఱైయ’ పదములకు మారుగా ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ నామములు ప్రభుత్వ వ్యవహారములోనికి వచ్చినవి. పదియేండ్లకు గాంధీ మహాత్ముడు ‘హరిజన’ పదమును ప్రచారములోనికి తెచ్చెను. 1933లో ఆ పేరుతోనే పత్రికను స్థాపించెను. ఆయన సంకల్పమున కల్మషము లేదని విరోధులు సైతము ఒప్పుకొందురు. అయినను 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లునందు ఆ పదము వచ్చినపుడు డాక్టర్ అంబేద్కర్, ఆయన పక్షీయులు నిరసించి సభనుండి వెడలిపోయిరి. తమ పేరు తాము పెట్టుకొను హక్కు తమకు లేదా అనునది వారి ప్రశ్న. 1982లో కేంద్ర ప్రభుత్వమే కుల ధ్రువపత్రములలో ఆ పదము వ్రాయరాదని రాష్ట్రములకు సూచించెను.

‘దళిత’ పదము వేరొక జాతికి చెందినది. నలుగగొట్టబడినవాడు, చీల్చబడినవాడు అని దాని అర్థము. 1972లో బొంబాయి యువకులు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకొన్నపుడు, 1985లో కారంచేడు ఘోరము అనంతరము తెలుగునాట దళిత మహాసభ ఏర్పడినపుడు, ఆ పేరు పొగడ్తగా ఎన్నుకొనబడలేదు, సాక్ష్యముగా ఎన్నుకొనబడినది. హరిజన పదము వినువానిని ఓదార్చును. దళిత పదము ‘దళించినదెవరు?’ అని ఎదురు ప్రశ్న వేయును. ఆ పదమును సైతము మానుకొని రాజ్యాంగమునందలి షెడ్యూల్డు కులముల పేరునే వాడుట మంచిదని 2018లో కేంద్ర సమాచార శాఖ ప్రసార సంస్థలకు సూచింపగా, దానిని స్వయముగా ఎన్నుకొన్నవారే అనేకులు అభ్యంతరము చెప్పిరి. గౌరవము కొరకు ఒకరి నోటినుండి వారి మాటనే తీసివేయుట గౌరవమగునా అని వారు అడిగిరి.

ఇచ్చట సందేహవాదులు ఒక మాట అందురు. పంచమ పోయి ఆది ఆంధ్ర వచ్చినది, అది పోయి హరిజన వచ్చినది, అదియు పోయినది. పేరు మార్చినంతమాత్రమున ఒరిగినదేమి? క్రొత్త కుండలో పాత నీరు పోసినట్లు, క్రొత్త పేరునకు పాత మైల అంటుకొనుచునే యున్నది కదా! ఈ పరిశీలన యథార్థమే. కాని దానినుండి తీయబడు నిర్ణయము సరికాదు. కుండ మారినను నీరు కంపు కొట్టుచున్నదనిన, దోషము నీటిది. బావిని శుభ్రము చేయనివాడు, కుండ మార్చమని అడిగినవానిని పరిహసించుట ఎట్టి న్యాయము? పేర్లు మాటిమాటికి మారుచుండుట బాధితుల చాపల్యమునకు గుర్తు కాదు. నడత మారలేదనుటకే అది గుర్తు.

ఈ విషయమున శివశరణులు త్రొక్కిన త్రోవ విలక్షణమైనది. వారు కులవృత్తి నామములను దాచలేదు. మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య, మడివాళ మాచయ్య, హడపద అప్పణ్ణ, అంబిగర చౌడయ్య, మేదర కేతయ్య, నులియ చందయ్య: ఈ పేర్లలో తోలు పని, బట్టల ఉతుకుడు, తాంబూలపు సంచి, పడవ, వెదురు బుట్ట, త్రాడు అన్నియు పైకే కనబడుచున్నవి. సూళె సంకవ్వ పేరులోని మొదటి మాటకు కన్నడమున వేశ్య అని అర్థము. ఆమె వచనకర్త్రియై, శరణుల గోష్ఠిలో చేరిన పిదప కూడ ఆ మాట తీసివేయబడలేదు. నేటివారు చూచిన, ఇంతటి సంస్కర్తలు ఇట్టి పేర్లను ఎట్లు ఉండనిచ్చిరని ఆశ్చర్యపడవచ్చును.

ఆ పేర్ల చివర చూడవలెను. అయ్య, అవ్వ, అక్క, అణ్ణ, తండె. ఈ ప్రత్యయములే కళ్యాణ విప్లవము. తెలుగు గ్రామములలో ఈ విషయము బాగుగా తెలియును. తల్లిదండ్రులు ఎల్లయ్య అని పేరు పెట్టిన, దొరల ఇంటికి పోవునప్పటికి అతడు ఎల్లిగాడగును. లక్ష్మమ్మ లచ్చి యగును. పదేండ్ల పిల్లవాడు అరువదేండ్ల పాలేరును ‘ఒరే’ అని పిలిచిన, ఆ పిలుపులో కులనామము లేకపోయినను కులమంతయు ఉన్నది. ఏ నిషిద్ధ పదముల పట్టికలోను ‘ఒరే’ చేరదు. స్నేహితుల మధ్య అది ముద్దుమాట. ఆ వాకిటిలో అది కొరడా. ఇట్టి స్థితిని ఎరిగియే కాబోలు బసవేశ్వరుడు, మర్యాదతో పిలుచు పిలుపును స్వర్గముతోను, ఈసడించి పిలుచు పిలుపును నరకముతోను పోల్చి ఒక వచనమున చెప్పినాడు. స్వర్గనరకములను పైలోకములనుండి దింపి నాలుక కొనపై నిలిపిన ధైర్యము అది.

హరళయ్య గాథ పాఠకులకు క్రొత్త కాదు. చెప్పులు కుట్టు హరళయ్య దారిలో బసవేశ్వరునికి ‘శరణు’ అనగా, బిజ్జలుని మంత్రియైన ఆ మహనీయుడు ‘శరణు శరణార్థి’ అని రెట్టింపుగా బదులిచ్చెనట. ఆ అధికమైన ఒక్క మాట హరళయ్యకు మోయలేని ఋణమైనది. భార్యాభర్తలు తమ తొడల చర్మముతో చెప్పులు కుట్టి తెచ్చిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఈ కథను భక్తి పరాకాష్ఠకు నిదర్శనముగా చెప్పుటయే వాడుక. దానిని మరియొక వైపునుండి కూడ చూడవచ్చును. ఒక మనిషి జీవితకాలమున గౌరవవాచకము ఎంత అపురూపమైన, ఒక్క నమస్కారమునకు తన చర్మము చాలునా అని అతడు శంకించును? కథలో భక్తుని త్యాగము ఎంత కలదో, అతనికి అంతకుమునుపు ఆ మాటను అందనీయని లోకముపై అభియోగము కూడ అంతయే కలదు. ఆ హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మధువయ్య కుమార్తెకు జరిగిన వివాహము కళ్యాణమును ఎట్లు కుదిపినదో చరిత్ర చెప్పుచున్నది. పిలుపుతో ఆగినంతవరకు బిజ్జలుడు ఊరకుండెను. పిలుపు పెండ్లిపీట వరకు నడచినప్పుడే శిక్షలు వచ్చినవి.

మైలపడిన మాటను శుద్ధి చేయుటకు శరణులు దానిని పారవేయక ధరించిరనుట స్పష్టము. అట్లు ధరించు అధికారము ఎవరిది? బసవేశ్వరుడు తన పుట్టుకనే చెన్నయ్య, కక్కయ్యల ఇండ్ల దాసదాసీలతో ముడివెట్టి చెప్పుకొన్నాడు. వారి పంక్తిని కూర్చుండి, వారి అంబలిని ప్రసాదముగా కన్నుల కద్దుకొని, తరువాత ‘మాదార’ అన్నాడు. పంక్తికి రానివాడు అదే మాట అన్నచో అది వేరొక మాట. అక్షరములు అవే కావచ్చును.

ఎనిమిది శతాబ్దముల తరువాత తెలుగుదేశముననే ఈ పద్ధతి మరల కనిపించుట గమనింపదగినది. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడి గ్రామమున ఆరంభమైన దండోరా ఉద్యమమున, యువకులు తమ పేర్ల చివర ‘మాదిగ’ అని చేర్చుకొనసాగిరి. అంతవరకు కార్యాలయములలో, బడులలో దాచుకొన్న మాటను, ఇతరులు తమ కులనామములను పేర్లకు తగిలించుకొనినట్లే తగిలించుకొనిరి. కన్నడమున మాదార, తెలుగున మాదిగ ఒకే కుదురునకు చెందిన శబ్దములు. ఆ యువకులు శరణ సాహిత్యము చదివి అట్లు చేసిరని చెప్పుటకు ఆధారము లేదు, అవసరమును లేదు. అయితే దీనిని చూచి, “వారే అనుకొనుచున్నారు కదా, ఇతరులు అన్న తప్పేమి?” అను వాదము పుట్టినది. తండ్రి తనను తాను మూఢుడనుకొనవచ్చును. పొరుగువాడు వచ్చి అతనిని మూఢుడని పిలుచుటకు అది అనుమతి పత్రము కాదు. ఇంతకంటె ఆ వాదమునకు సమాధానము అక్కరలేదు.

పరుల మాటలను విచారించుట సులభము. వీరశైవ సమాజము తన సొంత పలుకుబడిని కూడ ఇదే త్రాసులో తూచవలసి యున్నది. అందు ముందుగా తూకమునకు రావలసినది ‘భవి’ శబ్దము. భవమనగా సంసారము, పుట్టుక. ఆ చక్రమున చిక్కియున్నవాడు భవి; దానినుండి విడుదలకై లింగమును ఆశ్రయించినవాడు భక్తుడు. మూలమున ఇది ఒక ఆధ్యాత్మిక దశకు పేరు, జాతికి కాదు. నిన్నటి భవి నేడు భక్తుడు కావచ్చును; అంతకు మించి భక్తుని ఇంట పుట్టినంతనే భక్తుడు కాడనుట కూడ అందు ఇమిడియున్నది. దీక్ష పొందినవాడు ఏ కులమునుండి వచ్చినను భవి కాడని గట్టిగా చెప్పుటకే ఆ శబ్దము ఉపయోగపడినది.

కాలక్రమమున ఏమైనది? పాల్కురికి సోమనాథుని నాటికే ఆ పదమున తీవ్రత హెచ్చినది. ద్విపదలో బసవపురాణమును రచించి చెన్నయ్య అంబలిని శివునిచేత ఆరగింపజేసిన ఆ మహాకవియే భవులపట్ల కఠోరమైన పలుకులు పలికినాడు. ఆనాటి మతసంఘర్షణల నడుమ అల్పసంఖ్యాకులైన భక్తులు తమ నిష్ఠను కాపాడుకొనుటకు అట్టి గోడ కావలసి వచ్చినదని సమర్థింపవచ్చును. ఆ సమర్థనలో న్యాయము లేకపోలేదు. కాని పిదప ఆ గోడ ఇండ్లలోనికి వచ్చినది. భవిపాకము కూడదు, భవి చూపు పడిన భోజనము కూడదు అను ఆచారములలో, దీక్షలేనివాడు అను అర్థము వెనుకబడి, ఇతర కులమువాడు అను అర్థము ముందుకు వచ్చినది. జాతి సూతకమును తలుపు వద్ద తరిమినవారి వంటయింటిలోనే అది వేరొక పేరుతో పీట వేసుకొని కూర్చున్నది. పొలములో కలిసి పని చేసిన కూలివానిని చూచి లోపల ముసలమ్మ “భవి వచ్చె, గిన్నె మూయుము” అన్నచో, ఆ మనిషికి సంసారచక్రము స్ఫురించునా? అతనికి వినబడినది ఇంకొకటి.

ఆ ముసలమ్మ మనస్సులో ద్వేషము లేదనిన నమ్మవచ్చును. తన అత్త నేర్పిన మాట ఆమె అన్నది. ద్వేషము లేకయే గాయపరుచు శక్తి మాటలకు కలదు. అందువలననే వానిపట్ల ఎరుక ఎక్కువ కావలెను. ఎరుగక అన్నవారిని నలుగురిలో నిలబెట్టి దోషులుగా చాటుట కూడ శరణమార్గము కాదు. నేటి వివాదములలో కొందరు యువకులు వేటగాండ్రవలె ఎదుటివారి మాటలకై పొంచియుండి, పట్టుబడినవారి పరాభవమున ఆనందించుచున్నారు. వచ్చినవానిని ఎవరివాడని విచారింపక తన ఇంటివానిగా తలంపుమను బోధ, మాట తప్పిన ముసలమ్మకు కూడ వర్తించును. మెల్లగా చెప్పవచ్చును. చెప్పిన పిదప కూడ అదే మాట అన్నచో, అప్పుడది ఎరుగమి కాదు.

‘జంగమ’ శబ్దము వేరొక విధమున దెబ్బతిన్నది. స్థావరమునకు ఎదురుగా, కదలునది, జీవించునది, జ్ఞానమును ఊరూర నడిపించునది జంగమమని శరణులు భావించిరి. గుడికంటె మనిషిని మిన్నగా చేసిన మాట అది. తెలుగు వాడుకలో ‘జంగమయ్య’ అనగా శంఖము, గంట ధరించి వాకిట నిలుచువాడను అర్థమే మిగిలినది. పిల్లలు అల్లరి చేసిన ‘జంగమువానికి ఇచ్చివేయుదును’ అని బెదిరించుటయు కలదు. బుడగ జంగములు పాడిన వీరగాథలు, తంబురపై నిలబెట్టిన కథలు వారికి అన్నము పెట్టలేకపోయినవి. ఆ పేరు షెడ్యూల్డు కులముల పట్టికలో చేరినది. మఠమున సింహాసనముపై జంగమ శబ్దమునకు సాష్టాంగము, వీధిలో అదే శబ్దమునకు ఈసడింపు. ఒకే మాటకు ఈ రెండు గతులు పట్టుటను తిలకించువారు మఠములలో అరుదు.

వికలాంగులను దివ్యాంగులని పిలువవలెనని 2015 చివర ప్రధానమంత్రి సూచింపగా అది ప్రభుత్వ వ్యవహారమున స్థిరపడినది. వికలాంగుల సంఘములలో కొన్ని దానిని ఇష్టపడలేదు. దివ్యత్వము కాదు, మెట్ల ప్రక్కన వాలుదారి కావలెనని వారి మనవి. ‘చాకలి’కి రజక, ‘మంగలి’కి నాయీబ్రాహ్మణ నామములు ప్రభుత్వ జాబితాలలో చేరినవి. అవి వారు కోరిన పేర్లు కావున వాడుటయే మర్యాద. అయితే మాచయ్యను, అప్పణ్ణను కులపురుషులుగా కొలుచువారు వృత్తి పేరునే తలయెత్తి పలికిన సందర్భములును కలవు. పేరు ఏదైనను నిర్ణయము వారిది.

మిగిలినది ప్రాచీన గ్రంథముల సంగతి. పురాతన భక్తుల చరిత్రలలో, వచనములలో అంత్యజ, శ్వపచాది శబ్దములు, భవి నిందలు విస్తారముగా కలవు. క్రొత్త ముద్రణలలో వీనిని తొలగింపవలెనని కొందరు, అక్షరము కదల్చరాదని మరికొందరు అనుచున్నారు. తొలగించుట పొరపాటు. ‘మాదార’ను తీసివేసిన, శివుడు ఎవరి ఇంట అంబలి త్రాగెనో తెలియదు, త్రాగుటలోని విశేషమును పోవును. వ్యాధి పేరు చెరిపివేసిన వైద్యుని చరిత్రవలె నగును. కాని పుటలో ముద్రించుట వేరు, ప్రవచన వేదికనుండి పలుకుట వేరు. పుట తన కాలమును తానే చెప్పుకొనును. ప్రవచనకర్త నేటి సభలో నేటివారి ఎదుట నిలిచి పలుకును. శ్రోతలలో చెన్నయ్య వంశజులమని తలంచువారు కూర్చుండి యున్నారా, లేక వారు మంటపము వెలుపల చెప్పులవద్దనే నిలిచి వినుచున్నారా అను దానినిబట్టి అదే వాక్యము రెండు విధముల ధ్వనించును.

బసవేశ్వరుడు పలుకు ముత్యాలహారమువలె, మాణిక్య కాంతివలె ఉండవలెనని చెప్పిన ప్రసిద్ధ వచనమును సభలలో తరచుగా వినిపించుచుందురు. ఆ వచనము చివర పలికినట్లు నడువనివానిని కూడలసంగముడు మెచ్చడను మెలిక కలదు. పెండ్లి శుభలేఖలపై అచ్చువేయునపుడు సాధారణముగా దానిని వదలివేయుదురు. ముత్యములవరకు అందరికిని ఇష్టమే. ఈ సంవత్సరము బసవజయంతి దాసోహమునకు ఊరిలోని అన్ని వాడలకును పిలుపులు పోవును. వాడ పేరు వ్రాయవలసినచోట ఏమి వ్రాయవలెనని ఆ వాడవారినే అడుగుటకు ఒక మనిషిని పంపవచ్చును. ఆ మనిషి వారి ఇంట మంచినీరు త్రాగి రావచ్చును.